ఓడ మీద వేసిన తప్పు

మాస్టారు పోయారని వైజాగ్‌లో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. మా దీవిలోనే గరాచర్మలో ఆయన ఇంటికి నా షెడ్డు నుంచి బస్సెక్కితే పావుగంట. అయినా ఆ కబురు నాకు వైజాగ్ మీదుగా వచ్చింది. నేను ఆయన గడప తొక్కి ఎన్నాళ్లయిందో దీన్నిబట్టే మీకు తెలుస్తుంది. ఎందుకు తొక్కలేకపోయానో ఇప్పుడైనా చెప్పాలి. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఈ దీవుల్లో చాలామంది ఉన్నారు.

నేను బడికి వెళ్లలేదు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వల భుజాన వేసుకుని వచ్చినవాడు. డింగీ పడవల ఇంజన్లు విప్పి, బిగించి పని నేర్చుకుని నేను మిస్త్రీనయ్యాను. పడవల మీద రాసిన పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఏ ఇంజన్ వచ్చింది, ఏం పాడైంది, ఏం చేశాను అని రోజూ ఒక పుస్తకంలో రాస్తాను. మాస్టారు స్కూలు నుంచి ఇంటికి వెళ్తూ షెడ్డులో ఆగి అది చదివేవారు. తప్పు కనిపిస్తే దిద్దేవారు కాదు, పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేవారు.

"నువ్వే కనుక్కో మిస్త్రీ. ఇంజన్లో తప్పయితే కనుక్కోవా ఏటి?"

నేను సరిచేశాక ఆ చుక్కను ఆయనే చెరిపేవారు.

మా అమ్మాయి పన్నెండో తరగతిలో ఉండగా మా రేవులో కొత్త జెట్టీ కట్టారు. పోటు తగ్గి నీరు తీసినప్పుడు దాని కింది మెట్టు పడవలో నిలబడ్డ మనిషికి ఛాతీ ఎత్తున ఉండేది. మాస్టారు అమ్మాయిని తీసుకెళ్లి చూపించారు. చేపల బుట్టతో డింగీలో నిలబడిన ఒక ముసలమ్మ ఆయన్ని చూసి అరిచింది.

"మీ ఇంజినీరు బాబుని ఓపాలి ఈ బుట్టెత్తుకుని ఎక్కమనండి మాస్టారూ! మేం కింద నిలబడి చప్పట్లు కొడతాం!"

ఆయన నవ్వి అమ్మాయితో అన్నారు. "కట్టినోడికి లెక్క తప్పలేదు తల్లీ. ఎక్కేవోళ్లని అడగడం తప్పింది."

తర్వాత ఆయన మెయిన్‌ల్యాండ్‌లోని ఒక కాలేజీ ఫారం తెప్పించారు. అక్కడ ఇంజినీరింగుతో పాటు చరిత్ర, సాహిత్యం కూడా చెప్పి, ఐదేళ్లకు రెండు డిగ్రీలు ఇస్తారట. అంతా తన చేత్తోనే నింపి, నేను సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టారు.

"సంతకం చేసీ, గుర్తు చెరిపీసి, ఈ ఓడకే పంపీ మిస్త్రీ."

నేను పంపలేదు. ఇంజన్లు బాగుచేసేవాడికి కథలెందుకు అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. అమ్మాయి ఉత్త ఇంజినీరైతే ఎప్పటికైనా నా షెడ్డులో నా పక్కన కూర్చుంటుంది, మాట్లాడుకోవడానికి మాకు ఏదో ఒకటి ఉంటుంది. ఆ రెండో చదువు ఆమెను మాస్టారి మనిషిని చేసేస్తుందని భయపడ్డాను.

ఫారం మడిచి నా పుస్తకం అట్టలో దాచాను. ఆ రోజు పేజీలో 'ఫారం పోస్టు చేశాను' అని రాశాను. ఇన్నేళ్ల పుస్తకాల్లో అబద్ధం అదొక్కటే. మాస్టారు ఆ పేజీ చదివారు. చుక్క పెట్టలేదు.

మా దీవుల్లో ఏది రాకపోయినా ఓడను తిడతాం. బియ్యం రాకపోయినా, శుభలేఖ అందకపోయినా తప్పు ఓడదే. నేనూ ఆ మాటే వాడుకున్నాను. కాలేజీ నుంచి జవాబు రాలేదేమని ఆయన అడిగితే "ఓడ లేటు మాస్టారూ" అన్నాను. ఆయన నమ్మి, ఓడ వచ్చినప్పుడల్లా ఆ జవాబు కోసం పోస్టాఫీసుకు వెళ్లేవారు. "మాస్టర్‌జీ, ఉత్తరమేటి నా జేబులో ఉందా?" అని గుమస్తా ఆటపట్టించేవాడట.

గడువు దాటిపోయాక ఆయన షెడ్డుకు వచ్చి మా అమ్మాయి ముందు నిలబడ్డారు.

"నాదే తప్పు తల్లీ. ముందటి ఓడకే ఇవ్వాల్సింది. ఆలస్యం చేసీసినాను."

ఆమె "అలా అనకండి మాస్టారూ" అంటూ ఏడ్చింది. నేను కింద పడని రెంచి కోసం బల్ల కింద వెతికాను.

అమ్మాయి వైజాగ్‌లో ఇంజినీరింగ్ చదివింది. ఆ నాలుగేళ్లూ మాస్టారు ఓడ బయలుదేరినప్పుడల్లా ఆమెకు చరిత్ర పుస్తకాలో, కథల పుస్తకాలో కట్ట కట్టి పంపారు. నేను చేసిన దానికి పరిహారం ఆయన చెల్లించారు. ఇప్పుడు ఆమె రేవులు కట్టే పనిలో ఉంది. ఎక్కడ పని మొదలుపెట్టినా ముందు బుట్టలు మోసే ఆడవాళ్లతో కూర్చుంటుందట. ఈ సంగతి నాకు మాస్టారే చెప్పారు, బజారులో ఎదురుపడినప్పుడు, ఎంతో సంతోషంగా. నేను పని ఉందని తప్పుకున్నాను.

అంత్యక్రియలకు వచ్చిన అమ్మాయికి ఆ ఫారం తీసి ఇచ్చాను. రెండు వైపులా చదివింది.

"ఆయనకి చెప్పావా నాన్నా?"

"లేదు."

అమ్మాయి ఆ కాగితాన్ని బల్ల మీద నా వైపు తిప్పిపెట్టి బయటికి వెళ్లింది.

అది ఇంకా అక్కడే ఉంది. ఆయన ఇంకుతో రాసిన అక్షరాలు చాలావరకు వెలిసిపోయాయి. సంతకం చోట పెన్సిల్ గుర్తు మాత్రం నిన్న పెట్టినంత నల్లగా ఉంది.