ఇది ఏ ప్రాంతంది?

పెళ్లయి కోస్తా నుంచి ఈ పాతబస్తీలోని జహనుమాకు వచ్చి చాలా ఏళ్లయింది. మొన్న వానాకాలంలో ఒక ఉదయం వంట చేస్తుంటే గుమ్మం బయట ఎవరో మగమనిషి గొంతు వినిపించింది. "ఇది ఏ ప్రాంతంది? ఇక్కడిదైతే కాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. గరిటెతోనే బయటికి వచ్చాను. "ఇదీ అదీ అంటావేమయ్యా? ఆడవాళ్లతో మాట్లాడే పద్ధతి ఇదేనా? నాది ఏ ప్రాంతమైతే నీకేం?"

వాకిట్లో చెత్త గురించి రోజూ నాతో కొట్లాడే పక్కింటి యాదమ్మ కూడా కొంగు బిగించి వచ్చింది. "గామె మా గల్లీ ఆమె సార్! ప్రాంతం గీంతం అని లొల్లి పెట్టకు!"

ఆయన బెదిరిపోయి గుమ్మం పక్కన డ్రమ్ములో నేను పెంచుకుంటున్న మొగలి పొదను చూపించాడు. కాలేజీలో పర్యావరణం చెప్పే లెక్చరరట. "నేనన్నది ఈ మొక్కను మేడం! మా చదువులో ప్రాంతమంటే వాన, మట్టి, గాలి. తీరం ఇసుకలో పెరిగేది ఈ రాళ్ల ప్రాంతంలో ఎట్ల బతికిందా అని..."

నేను నోరు తెరిచేలోపే యాదమ్మ అందుకుంది. "ఎందుకు బతకదు సార్? అక్క ఊరికి పోయినప్పుడల్లా నీళ్లు పోసేది నేనే కదా!"

గల్లీ అంతా ఒకటే నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఇప్పుడెవరైనా నాది ఏ ప్రాంతమని అడిగితే కోపం రాదు. యాదమ్మ నీళ్లు పోసేంత మేర నా ప్రాంతమేనని చెబుతాను.