ముగ్గురాయి మిల్లులో మా అత్త సబ్బు

పోయిన నెలలో మా ఇంటి ఓనరు పైకి వచ్చి, వాకిట్లోనే నిలబడి, మేడ మీద నేను సబ్బు కలపడం ఇక మానెయ్యాలని, ఆ ఘాటు కింది పోర్షను వాళ్లకు పడడం లేదని, ఈ వయసులో అంగట్లో దొరికే సబ్బు కొనుక్కుంటే సరిపోదా అని మర్యాదగానే చెప్పాడు. నేనూ మర్యాదగానే చెప్పాను, మాననని. ఎవరికీ ఘాటు తగలకుండా మేడకు ఆ చివర, గాలి వాలు చూసుకుని కలుపుకుంటానని, అదీ కుదరదంటే కడపలో అద్దె ఇళ్లకు కరువేమీ లేదని, సబ్బు మాత్రం మాననని చెప్పాను. ఆయన మెట్లు దిగిపోయాక మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, అచ్చం మా అమ్మ మాట్లాడినట్టే ఉందే అని నవ్వాడు. ఆ సాయంత్రమంతా మా అత్తే కళ్లముందు మెదులుతూ ఉంటే, ఇక రాయక తప్పలేదు.

మా పెళ్లినాటికి మా ఆయన మంగంపేట గనుల్లో లారీ క్లీనరు. నాది కడప పక్క పల్లె, వాళ్లది ఎక్కడో కర్నూలు జిల్లా ఆలూరు. దూది ఏకి పరుపులు కుట్టి బతికిన ఇల్లు అది. మా మామ పోయి, వానలు కూడా మొహం చాటేసిన ఏడాది అత్త కొడుకు వెంట ఇటు వచ్చేసింది. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, నమాజు వేళ అయితే ఆమె ఎంత పనిలో ఉన్నా లేచేది. ఆలూరు గాలికి ఎండిపోయిన ఒళ్లు ఆమెది. చలికాలం వచ్చిందంటే మోకాళ్ల కింద చర్మం బీడు నేలలాగా నెర్రెలు విచ్చేది. పూటపూటా వజూ చేసుకుని కాళ్లూ చేతులూ కడుక్కునే మనిషికి అది చిన్న బాధ కాదు. అందుకే ఆమె పుట్టింట్లో నేర్చుకున్న సబ్బును వెంట తెచ్చుకుంది. ఇనుప పెట్టెలో చీరల మడతల మధ్య, రంగూ వాసనా లేకుండా, పాత మీగడ ముద్దల్లా కనిపించేవి ఆ బిళ్లలు. రంగు కాగితం చుట్టిన సబ్బుకు అలవాటు పడిన కొత్త కోడలిని, వాటిని చూసి మొహం తిప్పుకున్నాను.

మంగంపేట ముగ్గురాయి గురించి మన జిల్లాలో నా ఈడు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. చమురు బావులు తవ్వేవాళ్లకు కావాలని ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయే రాయి అది. దాన్ని పిండి కొట్టే మిల్లులు చుట్టుపక్కల ఉండేవి, ఆ పిండిని పారలతో సంచుల్లోకి ఎత్తి మూతులు కుట్టే పని ఆడవాళ్లది. పెళ్లయిన కొన్నాళ్లకే నేనూ ఒక మిల్లులో చేరాను. సాయంత్రానికి మేమంతా ఒకే రంగులో ఉండేవాళ్లం. మసీదుకు పోయే ఇంటి వాళ్లం, చర్చికి పోయే వాళ్లు, కొండకు మొక్కుకునే వాళ్లు, అందరి వెంట్రుకలూ తెల్లగా, కనురెప్పలు తెల్లగా, నవ్వితే పళ్లకంటే మొహాలే తెల్లగా ఉండేవి. ఆ పిండి ఒంట్లోని తడినంతా పీల్చేస్తుంది. వేళ్ల సందులు పగిలి నెత్తురు కనిపించేది. మిల్లువాళ్లు చేతులు కడుక్కోవడానికి బట్టల సబ్బు ముక్కలు ఇచ్చేవాళ్లు, అవి పగుళ్ల మీద మిరపకాయ రుద్దినట్టు ఉండేవి.

పాప పుట్టాక మళ్లీ పనిలోకి వెళ్లాను. అప్పుడు తెలిసింది అసలు బాధ. ఇంటికి రాగానే ఆకలి మీద ఉన్న పిల్ల రొమ్ము కోసం పెనుగులాడేది, నా చేతుల గరుకు తగిలి, మెడ కింద మిగిలిన పిండి తగిలి దాని బుగ్గలు కందిపోయి, కొన్నాళ్లకు పొట్టు లేచాయి. అది ఏడుస్తుంటే నేనూ ఏడ్చేదాన్ని. అత్త తన పెట్టెలోంచి ఒక బిళ్ల తీసి నా చేతిలో పెట్టి, రేపటి నుంచి మిల్లు దగ్గరే దీంతో కడుక్కుని రమ్మంది. అదే బిళ్లతో, నలుగు పెట్టినంత మెల్లగా పాపకు స్నానం చేయించింది. వారం తిరిగేలోగా బుగ్గల మీద పొట్టు రాలిపోయి, కొత్త చర్మం కనిపించింది. నా చేతులకు మంట తగ్గింది. ఇక నేను మొహం తిప్పుకోలేదు, నేర్పమని వెంటపడ్డాను.

ఆమె నేర్పిన తీరు ఇప్పటికీ నా చేతుల్లో ఉంది. కొబ్బరి నూనె, వేరుశనగ బుడ్డల నూనె, వాటికి తోడు కొంచెం ఆముదం కలిపి పక్కన పెట్టుకునేది. కాస్టిక్ సోడాను నీళ్లలో వేయాలే గానీ, నీళ్లను ఎన్నడూ కాస్టిక్ మీద పోయకూడదు, పోస్తే మొహం మీదికి చిమ్ముతుంది. సిల్వరు గిన్నె తాకనిచ్చేది కాదు, పింగాణీ గిన్నె ఒకటి దీనికోసమే ఉండేది. సంగటి గెలికే తెడ్డులాంటిదే ఒకటి వేరుగా పెట్టుకుని, వాకిట్లో గాలికి ఎదురు కాకుండా కూర్చుని, పాపను నాకు అప్పగించి దూరంగా పొమ్మని, అంబలి చిక్కదనం వచ్చేదాకా కలిపేది. తెడ్డుతో పైన గీత గీస్తే ఆ గీత నిలవాలి. అప్పుడు అచ్చులో పోసి, గట్టిపడ్డాక సన్నని తీగతో బిళ్లలు కోసి, నెల దాటేదాకా గూట్లో ఆరనిచ్చేది. తొందరపడి వాడతానంటే ఒప్పుకునేది కాదు. కాస్టిక్ ఎప్పుడూ నూనె తాగగలిగిన దానికంటే ఒక పిసరు తక్కువే వేయాలని, ఆ మిగిలిన నూనెనే పొడి చర్మం తాగుతుందని, కాస్టిక్ మిగిలితే మాత్రం అది చర్మాన్నే తింటుందని చెప్పేది.

ఆ సబ్బును మిల్లు కుళాయి దగ్గరికి తీసుకుపోతే ఒక్కదాన్నే ఎట్లా వాడుకుంటాను? పక్కామె చెయ్యి చాచింది, ఆమె పక్కామె కూడా చాచింది. కొన్నాళ్లకు ఆ కుళాయి దగ్గర మా సాయంత్రాలు ఒక చిన్న పండగలా ఉండేవి. ఒకామె చెంబుతో పోస్తే ఇంకొకామె మోచేతులదాకా రుద్దుకునేది, ఒకరి మెడ వెనక పిండిని ఒకరం కడిగేవాళ్లం, మొగుళ్ల మీదా మేస్త్రీ మీదా చెప్పుకునే మాటలకు మాత్రం సబ్బు అంటేది కాదు. ఊళ్లో నీళ్ల ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. కాబట్టి మాకు ఒళ్లు కడుక్కునే చోటంటూ ఉన్నది అదొక్కటే.

ఎండాకాలం ముదిరాక ఒక సాయంత్రం చూస్తే ఆ కుళాయికి గొలుసూ తాళం కప్పా వేలాడుతున్నాయి. నీళ్లు వృథా అవుతున్నాయని, ఆడవాళ్లు ముచ్చట్లు పెట్టుకుని కూర్చుంటున్నారని, ఇళ్లకు పోయి కడుక్కోమని మిల్లు ఓనరు చెప్పాడట. మేస్త్రీ అదే మాట మాకు చెప్పి తల తిప్పుకున్నాడు. ఆ పూట నేను పిండి ఒంటితోనే ఇంటికి వెళ్లాను. ఇంట్లో బిందె అడుగున తాగడానికి ఉన్న నీళ్లే ఉన్నాయి. వాటితోనే చేతులు తుడుచుకుని పాపకు పాలిచ్చాను, తెల్లారేసరికి దాని బుగ్గలు మళ్లీ ఎర్రబడ్డాయి.

మర్నాడు మేము పారలు కింద పెట్టే వేళకు మా అత్త మిల్లు గేటు దాటి లోపలికి వచ్చింది. చంకన పాప, కొంగు ముడిలో సబ్బు బిళ్ల. కాపలా మనిషి ఆపబోతే ఆగకుండా నేరుగా మేస్త్రీ ముందుకు వచ్చి నిలబడింది. ఆమె కేకలు వేయలేదు. పాపను రెండు చేతులతో ఆయన ముందుకు చాచి అంది:

“కడుక్కోవద్దంటివంట కదప్పా. బిడ్డ ఆకలికి ఏడుస్తాండాది. దీని తల్లి చేతులు అట్లుండాయి. నువ్వే ఎత్తుకో.”

మేస్త్రీ తన చేతులు చూసుకున్నాడు. అవీ మా చేతుల్లాగే తెల్లగా ఉన్నాయి, వేళ్లు పగిలి ఉన్నాయి. “నా చేతులకూ పిండే ఉండాదమ్మా” అన్నాడు.

“అయితే నువ్వు గూడా కడుక్కో” అంది అత్త.

ఎవరమూ నవ్వలేదు. తాళం చెవి ఓనరు దగ్గర ఉందని ఆయన మెల్లగా చెప్పాడు. అత్త పాపను మళ్లీ చంకన వేసుకుని, ఆ కుళాయి గట్టు మీద కూర్చుంది. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. పొద్దు గూకేవేళకు లేచి, రేపు కూడా ఇక్కడే కూర్చుంటామని మేస్త్రీకి చెప్పి ఇళ్లకు వెళ్లాం.

చెప్పినట్టే తెల్లారి ఎవరూ పార పట్టలేదు. లారీలు వచ్చి నిలబడ్డాయి, సంచులు ఖాళీగా పడి ఉన్నాయి. ఓనరు స్కూటరు మీద వచ్చి అరిచాడు, ఒకరిద్దరిని పేరు పెట్టి బెదిరించాడు, మీ మొగుళ్లకు కబురు పెడతానన్నాడు. గనిలో మా ఆయనకు ఆ కబురు అందింది కూడా. ఆయన మాత్రం మా అమ్మ అక్కడ ఉంటే ఇక నేనెందుకు అని అక్కడే ఉండిపోయాడని తర్వాత తెలిసింది. మధ్యాహ్నానికి లారీలు కదలక ఓనరే తాళం చెవి ఇస్తే, మేస్త్రీ వచ్చి తాళం తీశాడు. తీసి, మాకంటే ముందు తనే కుళాయి కింద చేతులు పెట్టాడు. అత్త కొంగు ముడి విప్పి సబ్బు ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు.

ఊరికే వదిలిపెడతారా? కొన్ని వారాలకు పని తగ్గిందనే వంకతో నన్నూ ఇంకొకామెనూ మానిపించారు. ఇంట్లో ఇబ్బంది పడ్డాం, కాదనను. కానీ ఆ రోజు కూర్చున్నందుకు నేను ఏనాడూ బాధపడలేదు. మానిపించాక కూడా గేటు బయట నిలబడి బిళ్లలు ఇచ్చేదాన్ని. మిల్లులో ఉన్నవాళ్లు ఆ కుళాయిని మాత్రం మళ్లీ మూయనివ్వలేదు. మెల్లగా అదే నా పని అయింది. కోడూరు సంతకు, ఆ తర్వాత కడపకు వచ్చాక ఇక్కడి ఇళ్లకు, చలికాలంలో ఒళ్లు పగిలే ముసలివాళ్లకు, పసిపిల్లల తల్లులకు ఇన్నేళ్లుగా చేసి ఇస్తూనే ఉన్నాను. అత్త పోయేముందు కూడా ఆమె కాళ్లు ఆ సబ్బుతోనే కడిగాను. చివరి చలికాలంలో ఆమె మోకాళ్ల కింద ఒక్క నెర్రె కూడా లేదు.

పోయిన ఏడాది బంధువుల ఇంట్లో ఫంక్షను ఉంటే మళ్లీ అటు వెళ్లాను. మేము పనిచేసిన మిల్లు లేదు, మొండి గోడ ఒకటి మిగిలింది. దానికి కాస్త ఎడంగా పెద్ద షెడ్డు వేశారు, సంచులు ఇప్పుడు యంత్రమే నింపుతుందట. అయినా ఊడ్చడానికి, మూతులు కుట్టడానికి ఆడవాళ్లు ఉన్నారు. బస్సు కోసం నిలబడి ఉంటే పని దిగిన ఒక చిన్నది వచ్చి పక్కన నిలబడింది, కనురెప్పల మీద అదే తెలుపు. బ్యాగులోంచి చిన్న ట్యూబు తీసి, పిండి చేతుల మీదే క్రీము రాసుకుంది. కడుక్కోకుండానే రాసుకుంటావేమ్మా అని అడిగాను.

“ఈడ కుళాయి యాడుండాది అవ్వా? ఇంటికి పోయి కడుక్కుంటాంలే” అని, నేనేదో వింత మాట అడిగినట్టు నవ్వి, ఫోను చూసుకోవడంలో పడింది.

నాకు కోపం వచ్చింది, ఆ పిల్ల మీద కాదు. కుళాయి పెట్టించమని అడిగారా అంటే, ఎవరిని అడగాలో తెలియదంది. ఈరోజు ఒక కాంట్రాక్టరు, రేపు ఇంకొకరట. పనిలో పక్కన నిలబడే మనిషి పేరు కూడా సరిగ్గా తెలియదంది. మాకు తాళం వేసినవాడెవడో తెలుసు, వాడు స్కూటరు మీద ఏ దారిన వస్తాడో తెలుసు, అన్నిటికంటే ముఖ్యంగా గట్టు మీద మా పక్కన ఎవరు కూర్చుంటారో తెలుసు. నా సంచిలో ఉన్న బిళ్ల ఒకటి తీసి ఆమెకు ఇచ్చాను. వాసన చూసి, ఏమీ తెలియక, థ్యాంక్స్ అవ్వా అని బ్యాగులో వేసుకుంది. బస్సు వచ్చింది, ఎవరి సీటులో వాళ్లం కూర్చున్నాం. సబ్బుదేముంది, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు చేసి ఇస్తాను. నా మెడ వెనక పిండిని కడిగిన ఆ చేతులను మాత్రం ఈ పిల్లకు ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వను?