బాయిలర్ ఆపితేగానీ

గుంటూరు యార్డు దగ్గర మిర్చి లారీల మధ్య మా బస్సు ఇరుక్కుపోయింది. కిటికీ తీస్తే ఘాటు, మూస్తే ఉక్క. పక్క సీటు పెద్దాయన థర్మల్ ప్లాంటులో బాయిలర్ పైపులు పరీక్షించేవారట. క్రోమియం ఉక్కు ఎంత వేడైనా తట్టుకుంటుందని, ఏళ్ల తరబడి కాలితే మాత్రం లోలోపల కంటికి ఆనని సందులు పడి బలం పోతుందని చెబుతున్నారు.

ఇంతలో మా ఆయన ఫోన్.

“అమ్మ పక్క తడిపింది. ఎక్కడ చచ్చావ్?”

“వచ్చేస్తున్నానండీ.”

ఆ అరుపు పెద్దాయనకీ వినపడింది. “ఎన్నేళ్లమ్మా?” అన్నారు.

“అత్తగారు మంచాన పడి తొమ్మిదేళ్లండీ. నాకేం, బాగానే ఉన్నా.”

“పైపు కూడా పైకి బాగానే కనపడుద్దమ్మా. బాయిలర్ ఆపి, ఒకచోట అద్దంలా రుద్ది మైక్రోస్కోపు పెట్టి చూస్తేగానీ లోపలేమైందో తెలీదు.”

బస్సు కదల్లేదు. ఫోన్ మళ్లీ మోగింది. అది మోగి మోగి ఆగేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.