ఎడారి తొండకు మట్టి ముంత

నీళ్లు అడగని మొక్క కావాలని మా నర్సరీకి వచ్చేటోళ్లు మస్తుమంది ఉంటరు. ఆ రోజు వచ్చిన మేడమ్ అడిగింది మాత్రం వేరే తీరు. ముల్లు ఉండొద్దు, తుంపితే పాలు కారొద్దు, మందు కొట్టి ఉండొద్దు, కొరికినా ఏం కావొద్దు. కొరికేదెవరు మేడమ్, ఇంట్ల చిన్నపిల్లలున్నరా అని అడిగిన.

"మా తొండ" అన్నది.

నేను నవ్విన. మా నల్లగొండ దిక్కు తొండ కనవడితే పిల్లలు రాయి అందుకుంటరు. చిన్నప్పుడు నేను గూడ అందుకున్న. ఎల్బీనగర్ల సాగర్ రోడ్డు పక్కన, లారీల దుమ్ముల నిలవడి, చదువుకున్న మనిషి తొండకు మొక్కలు కొనుడేందని అనుకున్న. మేడమ్ నవ్వలే. ఆమెది ఆంధ్ర దిక్కు, దిల్‌సుఖ్‌నగర్ల కోచింగ్ సెంటర్ల ఫిజిక్స్ చెప్తదట. ఆమె, ఆమె ఇంటాయన సారు వనస్థలిపురంల ఉంటరు. ఆ తొండ మన దిక్కుది కాదట, ఏదో పరదేశం ఎడారిది. సర్కారు కాగితాలు గూడ ఉన్నయట. అది ఉండే అద్దాల పెట్టెల ప్లాస్టిక్ మొక్కలు పెట్టిన్రు. ఒక ఆకు సగం కొరికి ఉన్నది, ఆ ముక్క ఎక్కడా దొరకలే. అప్పటిసంది తిండి లేదు, పొట్ట ఉబ్బింది, పొద్దంత అద్దాన్ని గీకుతనే ఉన్నది. పశువుల డాక్టరేమో ముక్క లోపల ఇరికిందేమో, సోమవారం ఎక్స్‌రే ఫోటో తీద్దాం, ఉంటే కోయాలె అన్నడట.

"అంత చిన్న ప్రాణం. మత్తిస్తే మళ్లీ లేస్తాడో లేదో" అన్నది మేడమ్. అని మొక్కల దిక్కు చూసుకుంట నిలవడ్డది.

అప్పుడు నాకు నవ్వు ఆగింది.

ఆమె ఒక కుండీ చూపెట్టి ఆ జెముడు బాగుంది అన్నది. నేను చేయి అడ్డం పెట్టిన. మా దిక్కు రెండింటిని గూడ జెముడే అంటం. ఒకటి కరువుల ముళ్లు కాల్చి మేకలకు పెట్టేది. ఇంకొకటి, పాల చుక్క కండ్లల్ల పడితే చూపు పోయేది. ఆమె చూపెట్టింది రెండోది. ముళ్లు లేని నాగజెముడు ఒకటి, చారల కలబంద రెండు తీసిన. ఎరువు మన్ను పోవాలని వేర్లు మూడుసార్లు నీళ్లల్ల కడిగిన. ఇంటికొచ్చి నువ్వే పెట్టమ్మా అంటే ఆటోల పోయిన.

ఆ పెట్టె చూసి నేను గుమ్మంల్నే ఆగిపోయిన. మంచమంత పొడుగు అద్దాల పెట్టె. ఒక దిక్కు బల్బు, కింద నల్లటి బండ, చేయి పెడితే వైశాఖం ఎండ. ఇంకో దిక్కు చేయి పెడితే కార్తీకం పొద్దు. ఒక్క పెట్టెలనే రెండు నెలలు. పొద్దుగాల బల్బు దానంతటదే వెలుగుతదట, పొద్దుగూకంగనే ఆరుతదట. ఆ బండ మీద అది పండుకొని ఉన్నది. మాడిన రొట్టె రంగు ఒళ్లు, గొంతు కింద గడ్డం లెక్క ముండ్లు. తల తిప్పకుంటనే ఒక కన్ను నా దిక్కు తిప్పింది. ఎన్ని తొండలను కొట్టిన్నో, ఒక్కదాని కన్ను గూడ అంత దగ్గరికెల్లి చూడలే. చుట్టూ బంగారం పొడి అద్దినట్టున్నది.

"వీడికి కొత్తవాళ్లంటే భయం లేదు" అన్నది మేడమ్. ఆమెకు అది "వీడు". సారు పేపరు అడ్డం పెట్టుకొని, మా ఆవిడ నన్ను కూడా అంత ముద్దుగా పిలవదమ్మా అన్నడు.

నాటబోతుంటే మేడమ్ ఆపింది. నీళ్లు ఒక్క చుక్క గూడ పోయొద్దు, ఇసుక తడిస్తే వీడికి జబ్బు చేస్తుంది అన్నది. ఆమెకు ఆ భయం మస్తున్నది. నాకేమో మొక్క పెట్టి నీళ్లు పోయకుంట లేచుడు చేతకాదు. ఇరవై ఏండ్లసంది పొద్దున లేస్తే అదే పని. కడిగిన వేరుకు మొదటి నాలుగు రోజులు తడి లేకుంటే అది బతకదు. ఇద్దరం కొంచెంసేపు గుంజుకున్నం.

అప్పుడు మా ఇంటాయన యాదికొచ్చిండు. ఆయన పోయి ఎనిమిదేండ్లయింది. బత్తాయి తోటల కూలి చేసేటోడు. నీళ్లు లేని ఏడాది పిల్లమొక్క పక్కన మట్టి ముంత పాతి, నిండ నీళ్లు పోసి, మూత పెట్టేటోడు. కాల్చిన మట్టిలకెల్లి నీళ్లు మెల్లగ ఊరి వేరుకు పోతయి, జానెడు అవతల మన్ను పొడిగనే ఉంటది. గోరుతోని ముంత అంచు మీద కొట్టి, చప్పుడును బట్టి నీళ్లెంతున్నయో చెప్పేటోడు. మేడమ్‌కు గదే చెప్పిన. ఫిజిక్స్ మేడమ్ గదా, జరసేపు ఆలోచించి, అవును, ఊరుతుంది అన్నది. దిల్‌సుఖ్‌నగర్ల కుండలమ్మేటామె దగ్గర రంగు వెయ్యని చిన్న ముంత తెచ్చి, సల్లటి మూలకు కలబంద పక్కన పాతిన.

అది గురువారం. ఆదివారం మేడమ్ ఫోన్ చేసింది. గొంతుల కోపం ఉన్నది, దాని కింద భయం ఉన్నది. వీడు నీ ముంత తవ్వేస్తున్నాడు, కలబంద పడిపోయింది, తడి ఇసుకలో కూర్చుంటున్నాడు, వచ్చి తీసెయ్ అన్నది. ఈ మూడు దినాలు నా మనసుల గూడ అదే పరేషాన్ ఉండె. నేను పెట్టిన తడికి దానికేమన్న అయితే, సోమవారం దాకా ఉండకుంటే, అది నా చేతి పనే అయితది.

పోయి మోకాళ్ల మీద కూసొని చూసిన. కలబంద వేర్లు తేలి పక్కకు పడి ఉన్నది. తొండ ముందు కాళ్లతోని తవ్వుతది, ఆగుతది, వెనక్కి తిరుగుతది, మూతి ఇసుకకు ఆనిస్తది, మళ్ల తవ్వుతది. ఆ తిరుగుడు నేను ఎక్కడనో చూసిన. ఎక్కడ చూసిన్నో యాదికొచ్చింది. మా ఇంట్ల కోడి గంప కోసం గట్లనే తిరిగేది.

"మేడమ్, ఇది వాడు కాదు. గుడ్లకొచ్చింది" అన్న.

"నాలుగేళ్లుగా ఒక్కడే ఉన్నాడు. గుడ్లెలా వస్తాయి?"

"పుంజు లేకున్నా కోడి పెడ్తది గదా మేడమ్. మనం దుకాణంల తెచ్చుకునేవన్ని గవ్వే."

సారు పేపరు దించిండు. ఇన్నాళ్లు అద్దం గీకింది తడి మన్ను కోసమే. పొడి ఇసుకల గుంత నిలవదు, తవ్విన కొద్ది కూలుతది. పెట్టె మొత్తంల గుంత నిలిచే జాగా ఆ ముంత పక్కనే ఉన్నది. డాక్టర్‌కు ఫోన్ చేస్తే, అయి ఉండొచ్చు, అస్సలు కదిలించొద్దు, చూడొద్దు అన్నడట. మేడమ్ పాత నూలు చీర తెచ్చి పెట్టె మీద కప్పింది.

ముగ్గురం ఇంకో గదిల కూసున్నం. చాయ్ చేసిన్రు, ఎవ్వరం తాగలే. చీర కిందికెల్లి సర సర ఇసుక చప్పుడు. ఆగితే మేడమ్ నా మొకం చూసేది. మొదలైతే ఊపిరి వదిలేది. సాయంత్రం దాకా గదే.

ఆఖరుకు చప్పుడు వేరే తీరుగ వచ్చింది. మెత్తగ, ఏదో తట్టినట్టు. చీర అంచు జరంత లేపి చూసినం. అది గుంత పూడుస్తున్నది. ఇసుక వెనక్కి తోసి, మూతితోని అదుముతున్నది. మళ్ల తోసి మళ్ల అదుముతున్నది. మేం ఇల్లు అలికినంక చేత్తోని సాపు చేసినట్టు. పొట్ట ఖాళీ జోలె లెక్క వేలాడుతున్నది, కాళ్లు వణుకుతున్నయి, అయినా ఆపలే. అద్దాల పెట్టెల పుట్టింది, అద్దాల పెట్టెలనే పెరిగింది. తల్లిని చూడలే, ఇంకో తొండను చూడలే, నేల ఎట్లుంటదో చూడలే. దానికి ఎవరు చెప్పిన్రు గిట్ల పూడ్చాలని? నా చేతులు నాకు తెల్వకుంటనే దండం పెట్టినయి. మేడమ్ చీర అంచు మెల్లగ మళ్ల దించింది.

తెల్లారి డాక్టర్ ఫోటో తీస్తే లోపల ముక్క లేదట. కోసుడు అక్కర పడలే. ఆ ప్లాస్టిక్ ముక్క బండ కింద దొరికింది. నేను మంగళవారం పోయి గుడ్లు తీసిన. పద్దెనిమిది, చిక్కుడు గింజంత, తోలు లెక్క మెత్తగ. అన్ని వట్టివే, పిల్లలు కానివి.

"వట్టివాటి కోసం ఇంత కష్టపడిందా" అన్నది మేడమ్. "పడ్డాడా" అనలే.

నేను కలబందను మళ్ల నాటిన, జర పక్కకు. ముంత పక్కన జానెడు జాగా ఖాళీగ వదిలేసిన. ఆ జాగా దానిది. మా నర్సరీ గట్టు మీద మొలిచిన గంగవాయిలి కూర గుప్పెడు తీస్కపోయిన. మేడమ్ దాన్ని గంగపాయల కూర అంటది. ఏ పేరైనా తొండ మాత్రం ఆగకుంట తిన్నది.

ఇప్పుడు వారానికొకసారి పోతున్న. మూత తీసి, ముంత అంచు మీద గోరుతోని కొడ్త. సగం దిగితే ఒక చప్పుడు, అడుగంటితే ఇంకో చప్పుడు. కొట్టంగనే అది ఎండ బండ మీదికెల్లి తల లేపి, బంగారం కన్ను నా దిక్కు తిప్పుతది. తొండలకు యాది ఉంటదో ఉండదో నాకు తెల్వదు. నేనైతే దాని దిక్కు చూసుకుంటనే నీళ్లు పోస్త.