పెడన నుంచి దివిసీమ దాకా, పారే నీళ్ళ కోసం

కలంకారీ అద్దకం చూడడానికి బందరు వైపు వెళ్తున్నాం, దారి చెప్పమని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. చెప్తాను. అయితే నేను ఆ దారిలో చేసింది సరదా ప్రయాణం కాదని ముందే చెప్పెయ్యాలి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో గుడివాడలో మా ఇంటి ముందు గదిలో నాకో చిన్న కొట్టు ఉండేది. దుప్పట్లు, దిండు గలీబులు, తలుపు తెరలు అమ్మేదాన్ని. అద్దకం పెడనలో మస్తాన్ గారు చేసేవారు, కుట్టుపని ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి నేను చేసేదాన్ని. ఆ ఎండాకాలం విశాఖ వైపు ఒక అతిథిగృహం వాళ్ళు అరవై తెరలు అడిగారు. తెల్లటి నేల మీద నల్ల లతలు, ఎర్ర పూలు, అదీ నెల రోజుల్లో. అమ్మకాలు అప్పటికే చతికిలబడ్డాయి. "ఈ ఆర్డరు కూడా చూసి, కుదరకపోతే మూసెయ్" అని మా ఆయన తేల్చేశారు. అంటే కొట్టు ఉండడమా పోవడమా అన్నది ఆ అరవై తెరల మీదే ఆధారపడి ఉంది.

గడువుకి వారం ముందు మస్తాన్ గారు ఫోన్ చేసి, "ఒకసారి వచ్చి చూడమ్మా" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు. మర్నాడు పొద్దున ఏడింటికి గుడివాడలో బందరు పాసింజరు ఎక్కాను. పెడనకి గంట లోపు ప్రయాణం, టికెట్టు పది రూపాయల లోపే ఉండేది. గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలు బిలబిలమంటూ దిగిపోయాక పెట్టె ఖాళీ అయింది. కిటికీలోంచి చూస్తే మినుము పీకేసిన చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి, కాలువల్లో అడుగు బురద కూడా ఎండిపోయింది. అది చూసి కూడా నా బుర్ర వెలగలేదు.

మస్తాన్ గారి షెడ్డులో ముప్పై తెరలు వరసగా వేలాడుతున్నాయి. నాలుగు తప్ప మిగతా వాటిలో తెల్లగా ఉండాల్సిన నేలంతా బూడిద రంగులోకి తిరిగింది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను: గుడ్డని కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి, ఆరబెట్టి, దాని మీద చెక్క అచ్చులతో అద్దుతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళు నల్ల రంగునిస్తాయి. ఆ తర్వాత పారే కాలువలోనే జాడించాలి. ఎక్కువైన రంగు ప్రవాహంలో కొట్టుకుపోవాలి. నిలవ నీళ్ళలో జాడిస్తే ఊడిన నలుపు అక్కడక్కడే తిరిగి తెలుపు మీద కూర్చుంటుంది. ఎండాకాలం కాలువలకి నీళ్ళు కట్టేస్తారు గనక ఆ నెలల్లో పెడనలో జాడింపు ఆపేస్తారు. పదేళ్ళుగా ఈ పనిలో ఉన్న నాకు ఇది తెలియక కాదు. అయినా ఆర్డరు చెప్పిన రోజు ఫోన్లో, "ఎలాగోలా ఇచ్చెయ్యండి బాబాయ్ గారూ" అన్నాను.

"చెరువులో జాడించామమ్మా," అన్నారాయన తల దించుకుని. "నేనూ మీ పిన్నీ తట్టలు పట్టుకుని నీళ్ళు తోస్తానే ఉన్నాం, పారినట్టుండాలని. మొదటి నాలుగూ బానే వచ్చినాయి. ఆ తర్వాత చెయ్యి దాటిపోయింది."

అరవై ఏళ్ళ మనుషులిద్దరు మొలలోతు నీళ్ళలో నిలబడి చెరువుని కాలువగా మార్చాలని చూశారు. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు బయటపడింది. నాలుగు మాటలు అనేశాను.

ఇంకా జాడించని తెరలు ముప్పై మిగిలాయి. సగమైనా ఇస్తే మిగతా సగానికి గడువు అడగొచ్చు. దివిసీమలో అవనిగడ్డ అవతల నాంచారయ్య అని మస్తాన్ గారికి తెలిసిన చాకలి ఉన్నాడట, తాగునీటి కోసం అక్కడి కాలువకి నీళ్ళు వదిలారని రెండు రోజుల క్రితం కబురు పంపాడట. మూట కట్టుకుని ఇద్దరం బయల్దేరాం. పెడన నుంచి బందరుకి బస్సులకి కొదవ లేదు, అరగంటలో దింపుతాయి. బందరు బస్టాండులో పదకొండింటికి అవనిగడ్డ బస్సు దొరికింది. చల్లపల్లి, మోపిదేవి మీదుగా గంటన్నర పైనే పట్టింది. కూచిపూడి చూడాలనుకునేవాళ్ళు చల్లపల్లిలో దిగి పామర్రు బస్సు ఎక్కొచ్చు.

"మూట పైనెయ్యండి బాబాయ్, జనానికి అడ్డం," అన్నాడు కండక్టరు.

"పచ్చి అద్దకం బాబూ, నలిగితే పనికిరాదు. ఒళ్ళో పెట్టుకుంటాలే," అని మస్తాన్ గారు దారి పొడుగునా చంటిబిడ్డలా మోకాళ్ళ మీద పెట్టుకునే కూర్చున్నారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

అవనిగడ్డలో ఆటో మాట్లాడుకుని కోడూరు వైపు వెళ్ళాం. రానూ పోనూ ఎనభై అడిగితే అరవైకి ఒప్పుకున్నాడు. నాంచారయ్య బట్టలుతికే రేవు దగ్గరికి వెళ్ళేసరికి కాలువలో నీళ్ళు నిజంగానే కదుల్తున్నాయి. నా ప్రాణం లేచొచ్చింది. మూట విప్పబోతుంటే మస్తాన్ గారు ఆగమని చెయ్యెత్తి, దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకున్నారు. పుక్కిలించి ఉమ్మేశారు. మళ్ళీ ఇంకోసారి చూశారు. అప్పటికి గమనించాను, ఒక తుంగపోచ సముద్రం వైపు కాకుండా ఊరి వైపు కొట్టుకొస్తోంది.

"నిన్న పొద్దున్నే కట్టేశారండీ," అన్నాడు నాంచారయ్య, తప్పు తనదైనట్టు. "ఇది పోటు నీరండి. కాలువ నీళ్ళు తగ్గేసరికి సముద్రం ఎగదన్నేసింది."

"ఒక్కటి జాడించి చూద్దాం," అన్నాను నేను.

"వద్దమ్మా. ఉప్పు తగిలితే తర్వాత ఉడకేసినప్పుడు ఎరుపు పలకదు." ఆయన మూట మళ్ళీ ముడేశారు. "ఆర్డరు చెప్పిన రోజు ఫోన్లో కూడా ఇట్లాగే వద్దనాల్సింది. అంటే ఇంకోళ్ళ దగ్గరికి పోతావేమోనని భయమేసింది."

అలా పోయే మనిషిని కాదని అనాలనిపించింది. అనకుండానే ఆటో వైపు నడిచాను.

సాయంత్రం నాలుగున్నరకి బందరులో దిగాం. టీ తెస్తానని ఆయన వెళ్ళగానే నేను ఎస్టీడీ బూత్‌లోకి దూరి, మిషను మీద అవే డిజైన్లు అచ్చు వేసే విజయవాడ వాళ్ళకి ఫోన్ చేశాను. అరవై తెరలు ఐదు రోజుల్లో ఇస్తామన్నారు. ఫోన్ పెట్టి తిరిగితే, సరిగ్గా పడని బూత్ తలుపు అవతల మస్తాన్ గారు రెండు టీ గ్లాసులతో నిలబడి ఉన్నారు.

"ఇస్తామన్నారా అమ్మా?"

"ఇస్తామన్నారు."

"మంచిది. గుడ్డ మాత్రం గట్టిది వెయ్యమని చెప్పు," అని గ్లాసు నా చేతిలో పెట్టారు.

తెరలు గడువులోపే వెళ్ళాయి. రంగులు చక్కగా ఉన్నాయని అతిథిగృహం వాళ్ళు ఉత్తరం రాశారు, తేడా ఎవరికీ తెలియలేదు. తర్వాత వాళ్ళే ఇంకో ఎనభై అడిగారు, అవీ మిషను మీదే వేయించాను. కొట్టు నిలబడింది. మస్తాన్ గారికి మళ్ళీ పని ఇవ్వలేదు. ఇవ్వకూడదని కాదు, ఆ టీ తర్వాత ఆయనకి ఫోన్ చెయ్యడానికి నాకు మొహం చెల్లలేదు. ఆయనా చెయ్యలేదు. ఇన్నేళ్ళలో నేను చేసిన పనుల్లో సిగ్గుపడేది ఇదొక్కటే.

మీరు వెళ్ళేటట్టయితే వానలు పడి కాలువలు నిండాక వెళ్ళండి. బయల్దేరే ముందు ఫోన్ చేసి కాలువ పారుతోందా అని కనుక్కోండి. గుడ్డ నచ్చితే పని చెప్పండి, ఎప్పటికి ఇస్తారని మాత్రం అడక్కండి. అడిగితే వాళ్ళు కాదనలేరు.