కాముడి ముందు వేసిన నులకమంచం

మా చిన్నప్పుడు... నందిగామలో మా వీధి చివర ఖాళీ స్థలంలో కాముడి బొమ్మ లేచిందంటే నాకు భయం పట్టుకునేది. వెదురుబద్దలు, వరిగడ్డి, తాటాకులతో కట్టేవారు. మా ఇంటికంటే ఎత్తు. పొట్టనిండా టపాకాయలు. ఫాల్గుణ పున్నమి సాయంత్రం దాన్ని తగలబెట్టేవారు.

ఆ ఏడు నాకు తొమ్మిదేళ్లు. అమ్మ పదిరోజుల బాలింత. మిరపకాయల బండితో జగ్గయ్యపేట వెళ్లిన నాన్న ఇంకా రాలేదు. మాది తాటాకు ఇల్లు... మధ్యాహ్నం నుంచీ గాలి మా వైపే.

నాయనమ్మ పంపితే, బొమ్మ కట్టిస్తున్న సుబ్బయ్య బాబాయి దగ్గరికి వెళ్లాను.

"బాబాయ్, గాలి ఎక్కువగా ఉందంట... బొమ్మని కాస్త దూరం జరపమంది నాయనమ్మ."

"ఏటేటా కాల్చేదేగా! ఏం కాదని చెప్పు, పో" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

ఏడుపు ఆపుకుంటూ వచ్చి చెప్పాను. నాయనమ్మ బిందెలన్నీ నింపమంది. నూతికీ ఇంటికీ తిరుగుతూనే ఉన్నాను... సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి.

పొద్దు వాలింది. డప్పులు మొదలయ్యాయి. అప్పుడు లేచింది నాయనమ్మ. నులకమంచం ఒక కొస తను పట్టుకుని, రెండోది నన్ను పట్టమంది. తీసుకెళ్లి సరిగ్గా కాముడి కాళ్ల ముందు వేశాం. మళ్లీ ఇంటికొచ్చి, అమ్మ చెవులకు గుడ్డ కట్టి, పసిదాన్ని తను ఎత్తుకుని, అమ్మను మెల్లగా నడిపించుకెళ్లి ఆ మంచం మీద కూర్చోబెట్టింది.

డప్పులు ఆగిపోయాయి.

"ఇదేంటి పెద్దమ్మా! పచ్చి బాలింతని గాల్లోకి తెచ్చావేంటి?" అన్నాడు బాబాయి.

"ఇల్లంటుకున్నాక ఎట్టాగూ తేవాలిగా నాయనా... ముందే తెచ్చా. మీరు కానివ్వండి."

అమ్మ తల వంచుకుంది. ఒకడి చేతిలో కాగడా ఇంకా వెలుగుతూనే ఉంది... ఎవరైనా మొండికేస్తే? నాయనమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను.

చివరికి బాబాయే తలగుడ్డ బిగించాడు. "పట్టండ్రా... మునేటి ఒడ్డున ఇసకలోకి మోద్దాం."

పదిమంది కాముణ్ణి భుజాలకెత్తుకున్నారు. నాయనమ్మ అమ్మనీ పసిదాన్నీ మళ్లీ ఇంట్లోకి తీసుకొచ్చింది. కాసేపటికి మునేటి వైపు ఆకాశం ఎర్రబడింది. ప్రతి చప్పుడుకీ చెల్లి ఉలిక్కిపడుతుంటే, నేను చెంబు నిండా నీళ్లతో గుమ్మంలోనే నిలబడ్డాను. నాన్న వచ్చి చేతిలోంచి తీసుకునేదాకా వదల్లేదట.

మరుసటి ఏడు నుంచీ కాముణ్ణి ఇసకలోనే నిలబెట్టారు... ఎవరూ అడక్కుండానే.

ఇప్పుడు మా వీధిలో పండగంటే లారీడు స్పీకర్లు... పక్క వాటాలో పసిబిడ్డ ఉందేమోనని ఆగేవాళ్లు లేరు. వెళ్లి చెప్పే ధైర్యం నాకూ లేదు... కిటికీలు మూసుకుని కూర్చుంటున్నాను. మీ ఇంట్లో అలా వీధికి ఎదురు నిలిచిన పెద్దావిడ ఉంటే, ఆవిడ గురించి రాయండి... చదవాలనుంది.