తిరుగుతుందా చూడు

భద్రాచలం పోయే బస్సు పాల్వంచ దాటింది. కొత్తగా కొన్న పాత కెమెరాలో రీలు వేసి మూత పెట్టబోతుంటే, పక్క సీటులోని పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు బిడ్డా. రీలు కొస ఆ చక్రం పండ్లకు తగులుకున్నదా? ఇగ మూతేసి లీవర్ గుంజు. ఎడమ దిక్కు నాబ్ తిరగాలె. నంబర్‌ను నమ్మకు. రీలు కదలకున్నా నంబర్ పెరుగుతది."

"మీకు స్టూడియో ఉందా?"

"ఉండె. ములకలపల్లి దిక్కు ఒక పిల్ల చచ్చిపోతే ఫోటోకు పిలిచిండ్రు. బతికున్నప్పుడు ఒక్క ఫోటో లేదు. తల్లి ఆ పిల్లకు తల దువ్వి, పౌడర్ రాసి, ఒళ్లె కూసోబెట్టుకున్నది. పన్నెండు ఫోటోలు దించిన. కడిగితే రీలంతా ఖాళీ."

"మరి తల్లికేం చెప్పిండ్రు?"

"వచ్చే వారం ఇస్తనన్న. ఎనిమిదేండ్లాయె. సంతల కనపడ్డప్పుడల్లా, వచ్చిందా అయ్యా అని అడుగుతది. వచ్చే వారం అని నేనంట."

నేను మూత పెట్టి, బటన్ నొక్కి లీవర్ గుంజాను. నాబ్ తిరిగింది. ఆయన దాని మీదికి వంగి, "ఇంకోపారి" అన్నాడు. సారపాకలో దిగేదాకా అంటూనే ఉన్నాడు.

ఆ రీలు కడిగిస్తే మొదటి పన్నెండు ఫోటోల్లోనూ బస్సు కుదుపుకు అదిరిపోయిన ముందు సీటే ఉంది. ఒక్కటి కూడా పారేయలేకపోయాను.